ఇరవై ఏళ్ళ కారు ఏసీ: క్లచ్ గ్యాప్, బెల్టు, మూడు శనివారాల పని

కారు 2005 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, నాన్న నెల్లూరులో కొన్నది, ఇప్పుడు చెన్నై మడిపాక్కంలో నా దగ్గరుంది, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు దాటింది. ఏసీ మొదట్నుంచీ ఉన్నదే, ఆర్-134ఏ గ్యాస్. ఏప్రిల్ చివర్లో తేడా మొదలైంది, పొద్దున ఆఫీసుకి పోయేటప్పుడు చల్లగానే ఉంటుంది, మధ్యాహ్నం ఓఎంఆర్ ట్రాఫిక్‌లో ఒక ఇరవై నిమిషాలు నడిచాక ఉన్నట్టుండి వేడిగాలి, బ్లోయర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నీడలో అరగంట ఆపితే మళ్ళీ చల్లగా వస్తుంది. రాత్రిపూట అసలు సమస్యే లేదు.

దగ్గర్లో ఒక ఏసీ షాపులో చూపిస్తే రెండు నిమిషాల్లో తేల్చేశారు, కంప్రెసర్ పోయింది, డ్రయర్, గ్యాస్ అన్నీ కలిపి 19 వేలు అని. నాన్నకి ఫోన్ చేస్తే "ఇంకెన్నాళ్ళు లాగుతావురా అబ్బయా దాన్ని, అమ్మేయ్" అన్నాడు. నాకు ఒకటే డౌటు, కంప్రెసర్ లోపలే పోయుంటే పొద్దున పూట అంత చల్లగా ఎట్లా వస్తుంది? వేడెక్కితే పనిచేయడం మానేసేది ఏదో ఉంది, ముందు అదేందో తేలాలి.

మొదటి శనివారం మొత్తం కరెంటు వైపే చూశా. కంప్రెసర్ పుల్లీ ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ బెల్టుతో తిరుగుతూనే ఉంటుంది, లోపలి షాఫ్ట్ మాత్రం ఏసీ నొక్కినప్పుడే తిరగాలి, ఆ రెండింటినీ కలిపేది ముందున్న క్లచ్. పుల్లీ వెనకాల కాయిల్ ఉంటుంది, దానికి 12 వోల్టులు అందగానే అయస్కాంతంలా మారి ముందున్న ప్లేటుని లాక్కుంటుంది, బానెట్ దగ్గర మనకి వినపడే 'టక్' అదే. మధ్యాహ్నం రెండింటికి ఎండలో తిప్పి తిప్పి ఏసీ ఆగిపోయేదాకా నడిపా, పక్కన ఆపి క్లచ్ వైరు దగ్గర మీటరు పెడితే 13.7 వోల్టులు వస్తున్నాయి, ప్లేటు మాత్రం కదలట్లేదు. అంటే ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్, థర్మోస్టాట్ అన్నీ బాగున్నట్టే, గ్యాస్ మరీ తగ్గుంటే ప్రెషర్ స్విచ్ ఆ కరెంటుని ఇక్కడిదాకా రానిచ్చేదే కాదు. ఈ ఒక్క కొలతతో సగం అనుమానాలు పోయాయి, ఏసీ ఆగిపోయిందని షాపుకి వెళ్ళేముందు ఎవరైనా సరే ఇది చూసుకోవాలని గట్టిగా చెప్తా.

ఇంజిన్ ఆపి కాయిల్ రెసిస్టెన్స్ చూశా. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 3.6 ఓమ్స్, వేడి మీద 4.3. రాగి తీగ ఒక్కో డిగ్రీ వేడెక్కే కొద్దీ దాదాపు 0.4 శాతం రెసిస్టెన్స్ పెరుగుతుంది, యాభై డిగ్రీలు పెరిగితే ఇరవై శాతం దాకా, కాబట్టి కాయిల్ చెడలేదు, లెక్క సరిగ్గానే ఉంది. కాకపోతే కరెంటు 3.8 ఆంపియర్ల నుంచి 3.2కి పడిపోతుంది, లాగే బలం తగ్గుతుంది. ఇంజిన్ ఆపే ఉంచి బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన వైరుతో కాయిల్‌కి నేరుగా కరెంటు ఇచ్చా, చప్పుడు లేదు. ఒక చెక్కముక్కతో ప్లేటుని మెల్లగా నెట్టా, టక్‌మని అతుక్కుని అట్లాగే ఉండిపోయింది! దగ్గరికి వస్తే పట్టుకోగలుగుతోంది, దూరం నుంచి లాగలేకపోతోంది. (ఇంజిన్ తిరుగుతుండగా కర్రతో నెట్టేవాళ్ళని చూశా, బెల్టు పక్కన ఆ పని వద్దు, చెయ్యి పోతుంది.)

రెండో శనివారం బ్యాటరీ నెగటివ్ తీసేసి, ముందు కుడి చక్రం విప్పి, జాకీతో పాటు స్టాండు కూడా పెట్టి, లోపలి ప్లాస్టిక్ కవర్ తీస్తే కంప్రెసర్ ముందుభాగం బాగా కనపడింది. ఫీలర్ గేజ్‌తో (సందుల్ని కొలిచే పల్చటి రేకులు) ప్లేటుకీ పుల్లీకీ మధ్య మూడు చోట్ల కొలిచా, 0.90, 0.95, 1.0 ఎంఎం. చాలా కార్లలో ఇది 0.35 నుంచి 0.65 లోపల ఉండాలి, మీ కంప్రెసర్‌కి ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి. ఇరవై ఏళ్ళు అతుక్కుంటూ విడిపోతూ రెండు ముఖాలూ అరిగాయి, అంతే.

సరిచేయడం చిన్న పనే. ప్లేటు తిరక్కుండా పట్టుకుని మధ్యలో ఉన్న బోల్టు విప్పితే ప్లేటు ముందుకొచ్చేస్తుంది, షాఫ్ట్ మీద పల్చటి వాషర్లు ఉంటాయి, షిమ్ అంటారు, నా దాంట్లో రెండున్నాయి. కిందపడితే ఇంజిన్ కింది షీల్డులో ఎక్కడో ఇరుక్కుంటాయి, అందుకని ముందే కింద పాత పంచె పరిచా. 0.5 ఎంఎం షిమ్ తీసేసి, తుప్పుని ఎమెరీ పేపర్‌తో తుడిచి మళ్ళీ బిగిస్తే మూడు చోట్లా 0.45 దగ్గర్లో వచ్చింది. మరీ తగ్గించకూడదు, ఏసీ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా ప్లేటు రాసుకుంటూ కాలిపోతుంది, చేత్తో పుల్లీ తిప్పి ఎక్కడా తగలట్లేదని చూసుకున్నాకే చక్రం ఎక్కించా. తీసేసిన షిమ్‌ని కవర్లో వేసి డ్యాష్‌బోర్డులో దాచిపెట్టా. ఖర్చు సున్నా!

అట్లా విప్పినప్పుడే బెల్టు కూడా చూశా. పాత రబ్బరు బెల్టులు పగుళ్ళిస్తాయి, ఇప్పుడొచ్చే ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు బెల్టులు పగలవు, గాళ్ళు అరిగి లోతు పోతాయి, పైపైన చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది, జారుతుంది. నాది ఈపీడీఎందే, పక్కలు మెరుస్తున్నాయి. బెల్టుని బిగించి ఉంచే ఐడ్లర్ పుల్లీ చేత్తో తిప్పితే గరగరమంటోంది. బెల్టు మీద 4పీకే 850 అని ఉంది, అంటే నాలుగు గాళ్ళు, 850 ఎంఎం పొడవు, ఆ నంబరు ఫోటో తీసుకుని మౌంట్ రోడ్డు పక్కన జనరల్ ప్యాటర్స్ రోడ్డుకి పోయా. అక్కడ కారు కంపెనీ పేరు చెప్పడం కంటే నంబరు చూపిస్తే పని తొందరగా అవుతుంది. ఐడ్లర్ బేరింగు 6203, రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నది, లోపల 17, బయట 40, మందం 12 ఎంఎం. దాన్ని సుత్తితో కొట్టి దించాలని చూడొద్దు, లేత్ వర్క్‌షాపులో ప్రెస్ మీద యాభై రూపాయలకి ఎక్కించిచ్చారు.

మూడో శనివారం బెల్టు బిగింపు. ఐడ్లర్ మధ్య నట్టు వదులు చేసి, పైనున్న పొడుగు బోల్టు తిప్పుతూ, పొడుగు వైపు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 8 ఎంఎం దిగేలా పెట్టా. ఎక్కువ బిగిస్తే కంప్రెసర్ బేరింగు మీద భారం, తక్కువైతే ఏసీ నొక్కగానే కీ...మని అరుస్తుంది. స్టార్ట్ చేస్తే చిన్నగా కిచకిచ వినపడింది, దూరంగా నిలబడి బెల్టు గాళ్ళ మీద స్ప్రే బాటిల్‌తో నీళ్ళు చల్లా, చప్పుడు ఆగి ఒక నిమిషంలో మళ్ళీ వచ్చింది. నీళ్ళు పడితే చప్పుడు పెరిగితే బెల్టు లూజు, ఆగి మళ్ళీ వస్తే పుల్లీలు ఒక లైన్లో లేవని అర్థం. స్టీలు స్కేలు ఆనించి చూస్తే ఐడ్లర్ ఒక ఎంఎం బయటికుంది, వెనకాల పాత వాషర్ ఒకటి అదనంగా ఉండిపోయింది, తీసేస్తే ఆగిపోయింది. బెల్టు స్ప్రేలు మాత్రం వాడను, అప్పటికి చప్పుడు ఆగుతుంది, దుమ్ము పట్టి బెల్టు ఇంకా తొందరగా పోతుంది.

గ్యాస్ లైను నేను ముట్టుకోలేదు, లోపల అంత ప్రెషర్ ఉన్న గ్యాస్, చర్మం మీద పడితే గడ్డకట్టిస్తుంది, గాల్లోకి వదలడం కూడా తప్పు. వేరే షాపులో 300 ఇచ్చి గేజులు మాత్రం పెట్టించా. ఆపి ఉన్నప్పుడు 95 పీఎస్ఐ రెండు వైపులా, ముప్పై డిగ్రీల పొద్దున ఆర్-134ఏకి ఉండాల్సిందే, కానీ లోపల ఎంత గ్యాస్ ఉందో అది చెప్పదు, నడుస్తున్నప్పుడు చూడాలి. నడుస్తుంటే తక్కువ వైపు 35, ఎక్కువ వైపు 220. అబ్బాయి గేజు చూసి "కంప్రెసర్ నల్లా ఇరుక్కు సార్" అన్నాడు, తమిళంలో బాగుందని, 19 వేలు చెప్పిన అదే కంప్రెసర్!

మొన్న రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, అమ్మని తీసుకురావడానికి నెల్లూరు పోయొచ్చా. మధ్య గాలి రంధ్రంలో వంటింటి థర్మామీటరు పెట్టా, గుమ్మిడిపూండి దాటాక 8 డిగ్రీలు, సూళ్ళూరుపేట టోలు దగ్గర ఆగినప్పుడు 12, మళ్ళీ కదలగానే తగ్గింది. ఒక్కసారి కూడా ఆగలేదు. నాన్న ముందు సీట్లో కూర్చుని ఊళ్ళో ఒక రౌండు కొట్టాక "సరే ఉంచుకో" అన్నాడు.

తిరిగొచ్చాక బెల్టు నొక్కి చూస్తే 11 ఎంఎం దిగుతోంది, కొత్త బెల్టు మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలో సాగుతుంది, మళ్ళీ 8కి బిగించా. గ్యాప్ 0.45 అలాగే ఉంది. వచ్చే శనివారం గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ కడగాలి, సముద్రపు గాలికి రేకులు తెల్లగా పూస్తున్నాయి, ఫోర్సు లేకుండా మామూలు గొట్టం నీళ్ళతో లోపల్నుంచి బయటికి.