ఫ్యాన్ ఆపగలిగే నెలలు: అనంతపురంలో మా పొడవాటి పాటల లాగ్

ప్రోగ్రెసివ్ రాక్‌లో (పాటను భాగాలు భాగాలుగా, తాళం లెక్కలు మార్చుకుంటూ పొడవుగా సాగించే రాక్ సంగీతం) పది నిమిషాలు దాటిన పాటల్ని, ఆదివారం రాత్రికి ఒకటి చొప్పున, మొదటి నుంచి చివరిదాకా కదలకుండా కూర్చుని వింటున్నాం. చోటు మా ఇంటి మిద్దె మీద గది. వచ్చేది ఐదారుగురు: బ్యాంకులో పనిచేసే మా అన్న, మృదంగం నేర్చుకున్న బావ, అన్న స్నేహితులు ఒకరిద్దరు, జేఎన్‌టీయూలో చదివే పక్కింటి అబ్బాయి, కుదిరినప్పుడు మా మేనమామ. ఎవరికి ప్రాణమైన పాట వాళ్ళు తేవాలి. అది తమకు ఎక్కడ, ఎలా దొరికిందో చెప్పాలి. కానీ పాట అయిపోయాకే చెప్పాలి. కథ ముందే చెప్తే అందరూ ఆ కథనే వింటారు. ఇది అన్న పెట్టిన నియమం, చాలా మంచి నియమం.

ఇన్నాళ్ళ నోట్సు చూసుకుంటే నాకు గట్టిగా తేలింది ఒకటే. పొడవాటి పాట బలమంతా అది మెత్తబడే చోట ఉంటుంది. ఆ చోటు సరిగా వినపడకపోతే ఇరవై నిమిషాలూ ఊరికే ఇరవై నిమిషాలే. మా ఊళ్ళో ఆ చోటును మింగేసేది సీలింగ్ ఫ్యాను. అందుకే మా పాటల వరస ఆల్బమ్ వచ్చిన ఏడాదిని బట్టి కాదు, ఎండను బట్టి నడుస్తుంది.

గది సంగతి

కింద కడప బండలు, చుట్టూ నున్నటి గోడలు, పైన స్లాబు. మొదట్లో గది మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొడితే చప్పుడు వెంటనే ఆగేది కాదు. గోడకీ గోడకీ మధ్య సన్నగా ట్రర్రుమని కాసేపు మిగిలేది. అలాంటి గదిలో డ్రమ్స్ వింటే సింబల్స్ అనే ఇత్తడి పళ్ళేల చప్పుళ్ళన్నీ ఒకదానిమీద ఒకటి పడి ముద్దయిపోతాయి. ఖర్చు పెట్టకుండానే దీన్ని చాలావరకు సరిచేశాం. నేల మీద మందపాటి జంఖానా పరిచాం. మేం కూర్చునే వైపు, వీపు వెనక గోడకు తాడు కట్టి అవ్వ కుట్టిన బొంతలు వేలాడదీశాం. పక్క గోడకు పుస్తకాల అర జరిపాం. మళ్ళీ చప్పట్లు కొడితే చప్పుడు అక్కడికక్కడే ఆగింది. ఎవరికైనా నేను చెప్పేది ఇదే: కొత్త స్పీకర్లు కొనే ముందు మీ గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి.

స్పీకర్లు చిన్నవే, అరలో పెట్టుకునే రకం. వాటిని గోడకు ఆనించకుండా రెండడుగులు ముందుకు లాగి, కొయ్య స్టూళ్ళ మీద చెవి ఎత్తుకు పెట్టాం. రెండింటి మధ్య ఎంత దూరమో మనకూ వాటికీ అంతే దూరం ఉంటే గిటారు ఏ పక్క ఉందో, కీబోర్డు ఏ పక్క ఉందో విడివిడిగా తెలుస్తుంది. ఆంప్లిఫయర్ బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ల్యాప్‌టాప్‌లో ప్లేయర్‌కు గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య ఖాళీ రాకుండా చేసేది) ఆన్ చేసి, క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాకు చివరను తర్వాతిదాని మొదటితో కలిపేసేది) ఆపేశాం. లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ అనే సెట్టింగ్‌ను తప్పకుండా ఆపాలి. అది మెల్లని చోటును పైకి లేపి, గట్టి చోటును కిందికి నొక్కి, పాటంతా ఒకే మట్టానికి తెస్తుంది. అప్పుడు ఇక వినడానికేం మిగలదు.

కరెంటు పోయినప్పుడు పాత ఇన్వర్టర్ మీద స్పీకర్లలో గుయ్‌మని మోత వచ్చేది. లైన్ కరెంటు లాగే నున్నటి కరెంటు ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్ పెట్టాక అది పోయింది. ఉడకబెట్టిన చెనిక్కాయలు పాటకు ముందే తినేయాలి. వొలిచే చప్పుడు మీరనుకునేంత చిన్నది కాదు.

కార్తీకం, మార్గశిరం

ఫ్యాన్ ఆపే రోజులు వచ్చాయి కాబట్టి యెస్ బ్యాండ్ 'క్లోజ్ టు ది ఎడ్జ్'తో మొదలుపెట్టాం. 1972 నాటిది, పద్దెనిమిదిన్నర నిమిషాల పైన ఉంటుంది, నాలుగు భాగాలు. మొదట పారే నీళ్ళు, పిట్టల కూతలు చాలా దూరం నుంచి వస్తున్నట్టు మెల్లగా పైకి లేస్తాయి. ఎండాకాలంలో ఈ పాటను ఎన్నోసార్లు విన్న అన్న స్నేహితుడు, ఆ కూతలు అంత ముందు నుంచే ఉన్నాయని ఆ రాత్రే తెలిసిందన్నాడు. యెస్ గాయకుడు జాన్ ఆండర్సన్ ఈ పాటకు ఊపిరి హెర్మన్ హెస్సే 'సిద్ధార్థ' నవల నుంచి తీసుకున్నాడు. ఆ నవల చదివినవాళ్ళకు నీళ్ళ చప్పుడు అక్కడ ఎందుకుందో చెప్పక్కర్లేదు.

మూడో భాగం ఎనిమిదిన్నర నిమిషాల దగ్గర మొదలవుతుంది. డ్రమ్స్ ఆగిపోతాయి. గొంతులు ఒకదాని వెనక ఒకటి తేలుతూ ఉంటాయి. పన్నెండో నిమిషం ప్రాంతంలో చర్చి ఆర్గన్ లేస్తుంది. అది స్టూడియో వాయిద్యం కాదు. లండన్‌లోని సెయింట్ గైల్స్ చర్చిలో బ్యాండ్ కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ వాయించగా రికార్డు చేసి తెచ్చి కలిపారు. ఆ ఆర్గన్ మా గదిలో పలికినప్పుడు కిటికీ రెక్క సన్నగా అదిరింది. రెక్కకూ చట్రానికీ మధ్య మడిచిన కాగితం పెట్టి మళ్ళీ ఆ భాగం ఒక్కటీ విన్నాం. పాట ఆపకూడదన్న నియమాన్ని పక్కన పెట్టింది ఆ ఒక్కచోటే.

ఆ తర్వాతి వారాల్లో జెనెసిస్ 'సప్పర్స్ రెడీ'. ఇదీ 1972దే, ఇరవై మూడు నిమిషాలు, ఏడు భాగాలు. ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. ఆయనకు రాక్‌తో పరిచయం లేదు, ఇంగ్లిష్ పాటల మాటలు పట్టించుకోడు. ఆరో భాగం '9/8లో అపోకలిప్స్' మొదలవగానే తొడ మీద చెయ్యి వేశాడు. కాసేపు వెతికాడు. తర్వాత నోటితో పట్టుకున్నాడు: తకిట, తక, తకధిమి. మూడు, రెండు, నాలుగు. బేస్ గిటారు, డ్రమ్స్ ఆ తొమ్మిదిని వదలకుండా తిప్పుతూ ఉంటే దాని మీద టోనీ బ్యాంక్స్ ఆర్గన్ తన లెక్కలో తాను పోతూ ఉంటుంది. బావ చెయ్యి మాత్రం ఒక్క దెబ్బ తప్పలేదు. ఆ మెలికంతా విడిపోయి, పాట మొదట్లో విన్న రాగమే చివర్లో పెద్దదై తిరిగి వచ్చినప్పుడు, "ఇదెక్కడికి పోయిందా అని చూస్తా ఉన్నెప్పా, వచ్చింది" అన్నాడు. మాకు కావలసింది సరిగ్గా అదే.

అప్పటి నుంచి కొత్తవాళ్ళకు ఏ పాట వినిపించినా ముందు చేత్తో లెక్క పట్టిస్తున్నాం. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' చిన్న పాటే, కానీ మొదటి పాఠానికి దాన్ని మించింది లేదు. ఏడు దెబ్బల పాట, మన మిశ్రచాపు పట్టినవాళ్ళకు తేలిగ్గా దొరుకుతుంది. గిటారు సోలో రాగానే నాలుగులోకి మారుతుంది. ఆ మారడం చేతికి తెలిస్తే ఇరవై నిమిషాల పాటకు తయారైనట్టే.

మేనమామ క్యాసెట్

సంక్రాంతికి మేనమామ వచ్చినప్పుడు జెత్రో టల్ 'థిక్ యాజ్ ఎ బ్రిక్' విన్నాం. అదీ 1972లోనే వచ్చింది. ఆల్బమ్ అంతా ఒకే పాట, నలభై మూడు నిమిషాల పైన. అంతకుముందు ఆల్బమ్ 'ఆక్వాలంగ్'ను విమర్శకులు కాన్సెప్ట్ ఆల్బమ్ (పాటలన్నీ ఒకే కథ, ఒకే ఆలోచన చుట్టూ అల్లినది) అంటుంటే, సరే అసలైన కాన్సెప్ట్ ఆల్బమ్ ఎలా ఉంటుందో చూడండని బ్యాండ్ నాయకుడు ఇయన్ ఆండర్సన్ చేసిన పని ఇది. కవరే ఒక ఊరి వార్తాపత్రిక. పాట రాసింది ఒక చిన్న పిల్లాడని అందులో కల్పించారు.

రికార్డు మీద ఒక వైపు ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలు దాటితే గాట్లు దగ్గర దగ్గరగా వేయాలి. చప్పుడు తగ్గుతుంది, బేస్ (కింది స్వరాల మోత) పలచబడుతుంది. ఆ రోజుల్లో ఇన్ని పాటలు ఇరవై నిమిషాల దగ్గరే ఆగడానికి అదొక కారణం. అందుకే 'థిక్ యాజ్ ఎ బ్రిక్'ను సగంలో మెల్లగా దించి, రెండో వైపు మళ్ళీ మొదలుపెట్టారు. రికార్డు కొన్నవాళ్ళు లేచి తిప్పాల్సిందే. మేనమామ బెంగళూరులో ఇంజినీరింగ్ చదివేటప్పుడు రూమ్‌మేట్ దగ్గర దొరికిన రికార్డును 90 నిమిషాల ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నాడు. ఆ క్యాసెట్ ఒక వైపు నలభై ఐదు నిమిషాలు. పాట మొత్తం ఒకే వైపు పట్టింది. ఆయనకు ఆ పాటలో ఎప్పుడూ తిప్పడం లేదు. ఫ్లూట్ విడిగా వచ్చే చోట్లు ఇంకా నోటితో అంటాడు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా తెలుసు. ఆ క్యాసెట్ ఇప్పుడు నా దగ్గరుంది. లేబుల్ మీద బ్యాండ్ పేరు ఊదా సిరాతో రాసి, కింద చిన్నగా "తుడపరాదు" అని ఉంది.

శివరాత్రి దాటాక

ఫ్యాన్ తిరగక తప్పదు. కాబట్టి గట్టి పాటలు.

ఎమర్సన్, లేక్ అండ్ పామర్ 'టార్కస్', 1971. ఇరవై నిమిషాల పైన. మొదటి భాగమే ఐదు దెబ్బల లెక్కలో కీత్ ఎమర్సన్ ఆర్గన్ దాడి. ఫ్యాను చప్పుడు దీని ముందు ఎక్కడా లేదు. నాకు నచ్చింది, ప్రాణం కాలేదు.

రష్ '2112' పక్కింటి అబ్బాయి తెచ్చాడు. హాస్టల్‌లో సీనియర్ హార్డ్‌డిస్క్‌లో 2112 అని అంకె మాత్రమే ఉన్న ఫోల్డర్ చూసి, ఏదో ల్యాబ్ డేటా అనుకుని తెరిచాడట. 1976 నాటి ఆల్బమ్, మొదటి వైపంతా ఈ ఇరవై నిమిషాల పాటే. అంతకుముందు ఆల్బమ్ సరిగా అమ్ముడుపోక, చిన్న పాటలు చేయమని కంపెనీ ఒత్తిడి చేస్తుంటే, రష్‌లోని ముగ్గురూ పట్టుబట్టి చేసింది ఇది. సంగీతం మరిచిపోయిన లోకంలో ఒకడికి జలపాతం వెనక గుహలో గిటారు దొరుకుతుంది. అలెక్స్ లైఫ్‌సన్ అక్కడ తీగలు శ్రుతి చేసుకుంటున్నట్టే మొదలుపెట్టి, మెల్లమెల్లగా పాటలోకి వస్తాడు. గిటారు నేర్చుకుంటున్న ఆ అబ్బాయి ఈ చోట ముందుకు వంగి కూర్చుంటాడు. ఈ భాగం కోసం మాత్రం ఫ్యాను ఆపాం. చెమటలు కారాయి, ఎవరూ లేవలేదు.

డ్రీమ్ థియేటర్ 'ఎ చేంజ్ ఆఫ్ సీజన్స్', 1995, ఇరవై మూడు నిమిషాలు. డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నాయ్ విమాన ప్రమాదంలో పోయిన తల్లిని తలుచుకుని మాటలు రాశాడు. అన్న స్నేహితుడికి ఇది వాళ్ళ నాన్న పోయిన ఏడాది దొరికింది. ఆయన అంతకుమించి చెప్పలేదు, మేం అడగలేదు.

మిద్దె మీద

మే నెలలో గదిలో కూర్చోలేక స్పీకర్లు బయటికి తెచ్చాం. ఆరుబయట గోడలు ఉండవు కాబట్టి బేస్ గాల్లో కలిసిపోతుంది. స్పీకర్లను పిట్టగోడ మూలల్లోకి నెడితే కొంత తిరిగొస్తుంది. చుట్టుపక్కల మిద్దెల మీద జనం పడుకుంటారు, వాల్యూమ్ తక్కువే. ఫ్యాను లేదు కాబట్టి అదే చాలు.

పింక్ ఫ్లాయిడ్ 'ఎకోస్' పెట్టాం. 1971, ఇరవై మూడున్నర నిమిషాలు. మొదట వచ్చే ఆ ఒంటి చుక్క లాంటి చప్పుడు రిచర్డ్ రైట్ పియానోను లెస్లీ స్పీకర్ (లోపల తిరుగుతూ చప్పుడును ఊపే స్పీకర్) గుండా పంపితే వచ్చింది. నడుమ వాయిద్యాలన్నీ ఆగి, గాలి హోరు మీద పక్షుల అరుపుల్లాంటివి వస్తాయి. పక్క మిద్దె మీది పెద్దాయన లేచి కూర్చుని, "ఏమప్పా, ఈ పొద్దప్పుడు యాడివి ఆ పక్షులు?" అన్నాడు. పక్షులు కావు తాతా, గిటారు అని చెప్పాను. వా-వా పెడల్‌కు (కాలితో తొక్కి గిటారు స్వరాన్ని 'వా' అనిపించే పరికరం) కేబుళ్ళు తారుమారు చేసి కలిపితే గిటారు అలా అరుస్తుంది, బ్యాండ్ గిటారిస్టు గిల్మర్ దాన్నే వాడుకున్నాడు. పెద్దాయన పాట అయ్యేదాకా పడుకోలేదు. తర్వాతి ఆదివారం తనే కుర్చీ పిట్టగోడ దగ్గరికి జరుపుకున్నాడు.

వానలు పడ్డాక

పింక్ ఫ్లాయిడ్ 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' మా అన్న తెచ్చిన పాట. 1975. తొమ్మిది భాగాలు. పాటను రెండుగా చేసి, ఒక ముక్క ఆల్బమ్ మొదట్లో, ఇంకో ముక్క చివర్లో పెట్టారు. మొదలై ఎనిమిదిన్నర నిమిషాలు దాటితే గానీ గొంతు రాదు. అన్న దీన్ని మొదటిసారి బెంగళూరు నుంచి వచ్చే రాత్రి బస్సులో, స్నేహితుడిచ్చిన ఒక్క ఇయర్‌ఫోన్‌లో విన్నాడు. మాటలు ఎప్పుడొస్తాయా అని చూస్తుండగా కొడికొండ చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగింది, ఇంజన్ ఆపేశారు. అప్పుడు వినపడిందట ఆ నాలుగు స్వరాల గిటారు. బ్యాండ్ నుంచి తప్పుకున్న సిడ్ బారెట్ కోసం చేసిన పాట ఇది. 1975 జూన్‌లో బారెట్ తనే అబ్బే రోడ్ స్టూడియోకు వస్తే, గుండుతో, కనుబొమ్మలు కూడా తీసేసి, లావెక్కి ఉన్న మనిషిని పాత స్నేహితులు మొదట గుర్తుపట్టలేదు. ఇది అన్న పాట అయ్యాకే చెప్పాడు. వెంటనే ఇంకోసారి పెట్టమన్నాం.

నా పాట కింగ్ క్రిమ్సన్ 'స్టార్‌లెస్', 1974, పన్నెండు నిమిషాలు. మా లెక్కలో పొట్టిదే. నాలుగో నిమిషం దాటాక జాన్ వెటన్ గొంతు ఆగి, బేస్ గిటారు పదమూడు దెబ్బల వరసను పట్టుకుంటుంది. బావ దాన్ని తకధిమి తకధిమి తకతకిట అని పట్టాడు. దాని మీద రాబర్ట్ ఫ్రిప్ గిటారు ఒకే స్వరాన్ని రెండు తీగల మీద మార్చి మార్చి మీటుతూ, చాలాసేపటికి ఒక మెట్టు ఎక్కుతుంది. డ్రమ్స్ మీద బిల్ బ్రూఫర్డ్, 'క్లోజ్ టు ది ఎడ్జ్'లో వాయించిన ఆయనే. ఆ నాలుగైదు నిమిషాల్లో బిగువు ఎంత పెరుగుతుందో చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. వాల్యూమ్‌ను మాత్రం గొంతు వచ్చేటప్పుడు తక్కువ అనిపించేంతకు పెట్టుకోండి. చివరికి మొదటి రాగం సాక్సోఫోన్ మీద తిరిగొచ్చేసరికి సరిపోతుంది.

ఇప్పుడు చేతిలో ఉన్నవి

వచ్చే చలికాలానికి వాన్ డెర్ గ్రాఫ్ జనరేటర్ 'ఎ ప్లేగ్ ఆఫ్ లైట్‌హౌస్ కీపర్స్', మైక్ ఓల్డ్‌ఫీల్డ్ 'ట్యూబులర్ బెల్స్' రాసిపెట్టుకున్నాం. ఈలోగా మేనమామ క్యాసెట్‌ను డిజిటల్‌లోకి ఎక్కించే పని మొదలైంది. క్యాసెట్ డెక్ తెరిచి, టేపును చదివే హెడ్‌ను స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడిచాం. టేపును నొక్కి నడిపే రబ్బరు చక్రం, పించ్ రోలర్ మీది మరకా పోయింది. డ్రైవ్ బెల్ట్ సాగిపోయి వేగం ఊగుతోంది, ఫ్లూట్ దగ్గర అది బాగా తెలిసిపోతుంది. పాత బెల్ట్‌ను కోసి స్కేలు మీద పరిచి పొడవు, మందం కొలిచి, ఆ కొలతకు ఐదు శాతం తక్కువది ఆర్డర్ పెట్టాం.