గుర్రంలో ర్ర, పెర్రోలో ర్ర

గుంటూరులో ఎనిమిదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో మేం టెక్సస్‌లోని ఇర్వింగ్‌కి మారిపోయాం. ఆగస్టులో హైస్కూల్లో చేరగానే కౌన్సెలర్ నా ముందు ఒక కాగితం పెట్టి, ఫారిన్ లాంగ్వేజ్ ఏదో ఎంచుకోమంది. అక్కడ డిప్లొమా కావాలంటే ఒకే భాషలో రెండు క్రెడిట్లు ఉండాలి, అంటే రెండేళ్ళ చదువు. నాన్న ఫ్రెంచ్ తీసుకోమన్నారు. ఎందుకో చెప్పలేదు. మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద రోజూ వినపడే భాష కదా అని నేను స్పానిష్‌కి టిక్కు పెట్టాను.

పెట్టానే కానీ, లోపల ఒకటే టెన్షన్. నాకు ఇంగ్లీషే సరిగ్గా రాదు. ఎవరైనా ఏదైనా అడిగితే తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చుకునేలోపు వాళ్ళు వేరే సంగతిలోకి వెళ్ళిపోయేవాళ్ళు. మా దూరపు మామయ్య ఒకాయన ఇంటికొచ్చి, "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, తెలుగు అడ్డం వస్తుంది" అని సలహా ఇచ్చి, అమ్మ పెట్టిన పెసరట్టు తిని వెళ్ళారు.

స్పానిష్ టీచర్‌ని అందరం సెన్యోరా అనేవాళ్ళం. ఆవిడది మెక్సికో. క్రియల పట్టికలో ఆరు గళ్ళుంటే, మొదటి వారమే అందులో ఒకటి పెన్నుతో కొట్టేయించారు. అది 'వొసోత్రోస్', స్పెయిన్ వాళ్ళు చనువున్న నలుగురిని కలిపి పిలిచే మాట, మనకి అక్కర్లేదన్నారు. ఒక గడి తగ్గినందుకు క్లాసంతా చప్పట్లు.

రెండో వారంలో 'పెరో', 'పెర్రో' వచ్చాయి. మొదటిదానికి 'కానీ' అని అర్థం, రెండోదానికి కుక్క. ర్ర దగ్గర ఒక్కరికీ నాలుక తిరగలేదు. కొందరు పుక్కిలిస్తున్నట్టు గరగరలాడారు. నా వంతొచ్చింది. గుర్రం, గొర్రె, బర్రె, కుర్రాడు అంటూ పెరిగినదాన్ని, నాకేం కష్టం? పెర్రో అన్నాను. సెన్యోరా తలెత్తి చూసి ఇంకోసారి అనమన్నారు. అన్నాను. మొత్తం ఐదుసార్లు అనిపించారు. ఆ స్కూల్లో నాకు ముందే వచ్చినది ఒకటుందని తెలిసిన మొదటి రోజు అదే. వెనక బెంచీ అబ్బాయి లంచ్‌లో వచ్చి నేర్పమని అడిగాడు. వాడికి 'గుర్రం' నేర్పాను. రాలేదు.

ఆ తర్వాత నోట్‌బుక్ అంచుల్లో తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. 'మె గుస్తా ఎల్ కఫే' అన్న వాక్యాన్ని మా క్లాసు పిల్లలకి ఎక్కించడానికి సెన్యోరాకి వారం పట్టింది. ఇష్టపడేది నేనైతే, వాక్యంలో కర్త కాఫీ ఎలా అయిందని వాళ్ళ గొడవ. నేను అంచులో 'నాకు కాఫీ నచ్చుతుంది' అని రాసుకుని పేజీ తిప్పేశాను.

ఇంకా బాగా కుదిరింది సెర్, ఎస్తార్. ఇంగ్లీషులో రెండూ ఒకటే క్రియ, 'టు బి'. శాశ్వతమైతే సెర్, తాత్కాలికమైతే ఎస్తార్ అని పుస్తకంలో ఉంది. మరి చనిపోయినవాడికి ఎస్తార్ వాడతారేం, అంతకంటే శాశ్వతం ఏముంటుంది? నా లెక్క వేరు. తెలుగులో 'ఉంది' లేకుండా వాక్యం నిలబడితే సెర్, 'ఉంది' కావాల్సి వస్తే ఎస్తార్. అతను డాక్టరు: సెర్. అతను ఇంట్లో ఉన్నాడు: ఎస్తార్. చనిపోయి ఉన్నాడు: ఎస్తార్! పెళ్ళి తెనాలిలో అంటే మాత్రం సెర్, అదీ కలిసింది. 'ఇల్లు పెద్దగా ఉంది' అనుకుని ఎస్తార్ రాసి ఒక మార్కు పోగొట్టుకున్నాను. 'ఇల్లు పెద్దది' అనుకుని ఉంటే వచ్చేది.

తెలుగు ఏమాత్రం ఆదుకోనిది లింగం దగ్గర. మనకి అమ్మాయి వచ్చింది, బస్సూ వచ్చింది. వాళ్ళకి బల్ల ఆడది, పుస్తకం మగది. హిందీ పీరియడ్లో పడ్డ అవస్థే మళ్ళీ. చెయ్యి, అంటే 'మానో', చివర ఓ ఉండి కూడా స్త్రీలింగమట. 'ప్రొబ్లేమా' చివర ఆ ఉండి పుంలింగమట. (ప్రాబ్లం మగదనడంలో అమ్మకి మాత్రం ఏ ఆశ్చర్యమూ కలగలేదు.)

కుటుంబం గురించి రెండు నిమిషాలు మాట్లాడే పరీక్ష ఒకటి పెట్టారు. మేనత్త, పిన్ని, పెద్దమ్మ అందరూ 'తీయా'లే. నాకు చాలా అన్యాయంగా అనిపించింది. పరీక్ష అయ్యాక, మా అక్క అత్తగారు మా అమ్మకి ఏమవుతుందో అంటానికి మీకు మాటుందా అని సెన్యోరాని అడిగాను. ఉండదనుకునే అడిగాను. 'కొన్సుఎగ్రా' అన్నారావిడ, వెంటనే. వియ్యపురాలు! మరి తోడికోడలు? 'కొన్‌కూన్యా'. ఆ ఆదివారం ఫోన్లో అమ్మమ్మకి చెప్తే, "వియ్యపురాలికి పేరు పెట్టుకున్నారంటే సంసారం తెలిసినవాళ్ళేనే" అంది.

రెండో ఏడాది సబ్జంక్టివ్, అంటే కోరికలూ సందేహాలూ చెప్పేటప్పుడు వాడే క్రియారూపం, వచ్చి నన్ను చితకబాదింది. అందులో బి వచ్చింది, దాని గురించి ఇంక మాట్లాడను.

ఆ ఏడే అమ్మకి కింది ఫ్లాట్ మెక్సికన్ ఆవిడతో స్నేహం కుదిరింది. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం, మధ్యలో నేను. ఒకరోజు ఆవిడ 'హమాయ్కా' అని ఎర్రటి చల్లని పానీయం ఇచ్చింది. అమ్మ ఒక గుక్క తాగి ఆగిపోయింది. "ఇది గోంగూర కదే" అంది. ఎండబెట్టిన ఆ ఎర్ర రేకుల సంచి అడిగి తెప్పించుకుని చూసింది. గోంగూర కాయల మీద ఉండే రేకులే అవి. మర్నాడు వాటినే నానబెట్టి పచ్చడి నూరి గిన్నెతో కిందికి తీసుకెళ్ళింది. ఆవిడ గిన్నె అందుకుని "పీకా?" అంది, కారమా అని. నేను నోరు తెరిచేలోపే అమ్మ తనకొచ్చిన రెండు ముక్కల స్పానిష్‌లో "నో పీకా" అనేసింది. పన్నెండు ఎండుమిరపకాయలు వేసిన పచ్చడి అది.