రెల్లు పూల కప్పు: ఏడో ప్రయత్నం దాకా

జూలై 6

తాతయ్య రైల్వే ఉద్యోగానికని ఖరగ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అందుకే మా ఇంట్లో కాఫీ, గోడ అవతల బెంగాలీ దాదా ఇంట్లో టీ. దాదాకి పాత బెంగాలీ సినిమాలంటే పిచ్చి. సత్యజిత్ రాయ్ తీసిన ‘పథేర్ పాంచాలి’ కలకత్తాలో విడుదలైంది 1955 ఆగస్టు 26న. ఆ తేదీ లోపల ఆయనకో కప్పు ప్రింట్ చేసి ఇవ్వాలని పెట్టుకున్నాను. పండగలకి పేర్లూ ఫొటోలూ వేసిచ్చిన అనుభవం తప్ప సొంతంగా బొమ్మ గీసి వేయడం ఇదే మొదలు.

సరంజామా పాతదే. సబ్లిమేషన్ సిరా (వేడి తగిలితే కాగితం మీంచి కప్పు పూతలోకి ఎక్కే సిరా) నింపిన ఇంక్ ట్యాంక్ ప్రింటర్, కప్పుని చుట్టి వేడిచేసే మగ్ ప్రెస్, వేడికి తట్టుకునే టేపు, పాలిమర్ పూత ఉన్న 11 ఔన్సుల తెల్ల కప్పులు ఒక డజను. పూత లేని మామూలు పింగాణీకి ఈ సిరా పట్టదు, కడిగితే పోతుంది. కప్పు చుట్టుకొలత దాదాపు 26 సెంటీమీటర్లు. పిడి దగ్గర వదిలేయగా బొమ్మకి మిగిలేది 20 బై 9.

జూలై 12

అందరికీ గుర్తున్న దృశ్యమే తీసుకున్నాను. సినిమాలోని తమ్ముడూ అక్కా, అపు, దుర్గ, రెల్లు దుబ్బుల మధ్య పరిగెత్తి రైలు చూడటం. ఇక్కడివాళ్లు కాశ్ ఫూల్ అనేది మన రెల్లు పువ్వునే. 1952లో రాయ్ ఆ చోట ఒకరోజు షూటింగ్ చేసి, మరో వారం వెళ్లేసరికి పశువులు పూలన్నీ మేసేశాయట. మళ్లీ పూసే దాకా ఏడాది ఆగాడు. నాకు అడ్డొచ్చింది పశువులు కాదు, తెలుపు. ఈ సిరాల్లో తెల్ల రంగే ఉండదు, కప్పు తెలుపే తెలుపు. తెల్ల కప్పు మీద తెల్ల పూలు ఎలా కనబడాలి?

వెనకాల బూడిద రంగు వేసి పూలని ఖాళీగా వదిలాను. 180 డిగ్రీలు, 180 సెకన్లు. తీసి చూస్తే ఆకాశం పాచి పట్టిన గోడలా పచ్చగా ఉంది. ప్రింటర్ బూడిద రంగుని మూడు రంగులు కలిపి తయారు చేస్తుంది. వేడికి అన్నీ ఒకేలా ఎక్కవు. రెండో కప్పుకి కలర్ ప్రొఫైల్, అంటే ప్రింటర్ రంగులు కలిపే లెక్క, మార్చాను. ఈసారి ఎర్రగా వచ్చింది. నలుపు తెలుపు సినిమాకి ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

జూలై 20

దారి దొరికింది. సినిమా తీయడానికి చాలా ఏళ్ల ముందు రాయ్ ప్రకటనల కంపెనీలో పనిచేస్తూ, దానికి మూలమైన నవలకి వచ్చిన పిల్లల సంక్షిప్త ప్రతికి చెక్కమీద చెక్కిన అచ్చులాంటి బొమ్మలు గీశాడు. ఆ పుస్తకం పేరుకి అర్థం మామిడి టెంక బూర. చిన్నప్పుడు సెలవులకి శ్రీకాకుళం వెళ్తే మేమూ టెంక అరగదీసి ఊదేవాళ్లం. ఆ బొమ్మల్లో మధ్య రంగుల గొడవే లేదు. ఉంటే నలుపు, లేకపోతే తెలుపు. ఆయన బొమ్మలూ పోస్టర్లూ ఎత్తుకొచ్చి వేయడం నాకిష్టం లేదు, పద్ధతి మాత్రం తీసుకున్నాను. ఆకాశాన్ని దగ్గరదగ్గర నల్లగీతలతో నింపి, వాటి మధ్య రెల్లు కంకుల్ని తెల్లగా వదిలేశాను.

మరీ సన్నగీతలు వేడికి కాస్త ఉబ్బి పక్క గీతతో కలిసిపోతాయి. అర మిల్లీమీటరు మందం, అంతే ఎడం పెడితే నిలబడ్డాయి. కాగితం మీద నలుపు వెలిసిపోయినట్టు ఉంటే కంగారు పడొద్దు, అసలు నలుపు ప్రెస్‌లోనే తేలుతుంది. బయటికొచ్చాక కూడా గోధుమ రంగు కొడుతుంటే వేడీ సమయమూ మార్చి చూడాలి. నాకు 200 సెకన్లకి కుదిరింది.

జూలై 27

బొమ్మ బాగుంది, అక్షరాలు బోల్తా కొట్టాయి. సినిమా పేరు బెంగాలీ లిపిలో వేశాను. చల్లారబెట్టిన కప్పు చూసి బౌది (దాదా భార్య) ఒక్క క్షణంలో పట్టేసింది: “ఏ-కార్‌టా తో ఉల్టో దికే!” అంటే ఏత్వం తప్పు వైపు ఉందని. ‘థే’లోని ఏత్వం గుర్తు బెంగాలీలో అక్షరానికి ఎడమవైపు ఉండాలి. టైపు చేసేది మాత్రం అక్షరం తర్వాత. నా పాత సాఫ్ట్‌వేర్ దాన్ని కుడివైపే వదిలేసింది. మన కొమ్ములూ వత్తులూ విడిపోయి కనిపిస్తే మనకెలా ఉంటుందో ఆవిడకీ అలాగే ఉండి ఉంటుంది. వేరే సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా కూర్చి, అక్షరాలని గీతలుగా మార్చి తెచ్చుకున్నాను.

నాలుగో కప్పు సంగతి చెప్పుకోకూడదు. బొమ్మని కుడిఎడమలు తిప్పి ప్రింట్ చేసే మిర్రర్ నొక్కడం మర్చిపోయాను, అంతా తిరగబడి వచ్చింది. ప్రస్తుతం అందులో పెన్నులున్నాయి.

ఆగస్టు 9

పిడి పక్కన ఒకటిన్నర సెంటీమీటర్ల పట్టీలో ప్రెస్ వేడి సరిగ్గా తగలదు. ఐదో కప్పులో ఇంజిన్ సరిగ్గా అక్కడే పడి, మంచులో నిలబడ్డ రైలులా వెలిసిపోయింది. ప్రెస్ బిగించి చూశాను. పట్టీ పోలేదు కానీ కాగితం జరిగి ఆరో కప్పులో దుర్గ పక్కన ఇంకో దుర్గ నీడ వచ్చింది. చివరికి ఇంజిన్‌ని రెండు సెంటీమీటర్లు లోపలికి జరిపి, పిడి వైపు పొగ వదిలాను. పొగ వెలిసిపోతే ఎవరడుగుతారు?

ఏడో కప్పు పాసైంది. ప్రెస్ నుంచి తీయగానే కాగితం లాగేశాను. వేడి మీద అలాగే వదిలేస్తే అంచులు మసకబారుతాయి. నీళ్లలో మాత్రం ముంచొద్దు, పగుళ్లు రావచ్చు.

ఆగస్టు 23

రెండు వారాలు నేనే అందులో కాఫీ తాగి, రోజూ మెత్తటి స్పాంజితో కడిగాను. నలుపు చెక్కుచెదరలేదు. అదే డిజైన్‌తో ఎనిమిదోది ప్రింట్ చేసి దాదా కోసం పక్కన పెట్టాను. ‘పాఁచాలీ’లో పా మీద ఉండే చంద్రబిందువు, మన అరసున్నకి చుట్టం, ఇంకా సన్నగానే ఉంది. అద్దాలు పెట్టుకోకపోతే దాదాకి కనబడదు. పెట్టుకుంటే ముందు దాని గురించే అడుగుతాడు.

ఖాళీ కప్పులు నాలుగున్నాయి. బౌదికి రాయ్ మరో సినిమా ‘చారులత’ కావాలట, ఉయ్యాలతో. ఉయ్యాల తాడు పిడి పక్కకి రాకుండా చూసుకోవాలి.