అక్రిలమైడ్ సీసా నా చేతికొచ్చాక

ల్యాబ్‌లో చేరిన మూడో వారంలోనే అక్రిలమైడ్ పని నా నెత్తిన పడింది. అప్పటిదాకా అది చూసుకున్న సీనియర్ థీసిస్ రాయడంలో మునిగిపోయి, "ఇక నుంచి జెల్ స్టాక్ నువ్వే చెయ్యి. తూచడం, నీళ్లు పోయడం, కలపడం, అంతే" అని చేతులు దులుపుకుంది. స్టాక్ అంటే ముందే చేసి ఉంచుకునే చిక్కటి ద్రావణం. ప్రొటీన్లను సైజును బట్టి విడదీసే జెల్‌కి ఈ తెల్ల పొడే ముడిసరుకు. స్టాక్ అయిపోతే మా దగ్గర సగం మంది పనులు ఆగిపోతాయి. అందుకని ఎవరో ఒకరు చేసి తీరాలి, ఎవరూ చేస్తామనరు.

"అక్కా, దీనికి జాగ్రత్తలేమైనా ఉన్నాయా?" అనడిగాను.

"ఎస్‌డీఎస్ చూశావా?"

ఎస్‌డీఎస్ డబ్బా ఎదురుగా బెంచ్ మీదే ఉంది. సోడియం డోడెసిల్ సల్ఫేట్, అదే జెల్‌లో వాడే డిటర్జెంట్. "చూశానక్కా, సగం పైనే ఉంది" అన్నాను. ఆమె నవ్వు ఆగడానికి కాసేపు పట్టింది. ఆమె అడిగింది సేఫ్టీ డేటా షీట్ గురించి, అంటే రసాయనం ప్రమాదాలూ జాగ్రత్తలూ రాసి ఉండే పత్రం. ఇప్పటికీ కొత్తగా ఎవరైనా చేరితే ఈ కథ చెప్పి మరీ నన్ను పరిచయం చేస్తారు.

ఆ షీట్‌లో 16 విభాగాలుంటాయి. ఏ రసాయనమైనా వరుస అదే. నేను తిన్నగా 11వ దానికి వెళ్లాను, విషప్రభావం గురించి ఉండేది అక్కడే. అది పొరపాటు. భయం తప్ప చేతికి పనికొచ్చేదేమీ దొరకలేదు. ఏ పరికరాలు వేసుకోవాలి, ఎలా పట్టుకోవాలి, దేని పక్కన పెట్టకూడదు అన్నవి 7, 8, 10లో ఉంటాయి. పొడి ఒలికితే 6, ఒంటి మీద పడితే 4. ముందు ఈ ఐదూ చదివి, తీరికుంటే 11కి వెళ్లమంటాను.

భయం సంగతి మాత్రం నిజమే. అక్రిలమైడ్ నరాల మీద పనిచేసే విషం. ఊపిరితోనే కాదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. ఒక్కసారి తగిలితే ఏమీ తెలియకపోవచ్చు. కొద్దికొద్దిగా, మళ్లీమళ్లీ తగులుతుంటే వేళ్లలో తిమ్మిర్లు, అరచేతుల్లో చెమట, పొట్టు లేవడం, నడకలో తూలడం మొదలవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో దీన్ని 2ఏ వర్గంలో పెట్టింది, అంటే మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేదని. 1997లో స్వీడన్‌లో హాలాండ్సోస్ రైలు సొరంగం తవ్వుతూ, నీటి ఊట ఆపడానికి అక్రిలమైడ్ ఉన్న సీలెంట్ వాడారు. అది వాగులోకి చేరి చేపలు చచ్చాయి, ఆ నీళ్లు తాగిన ఆవులు కాళ్లు పడిపోయి కూలబడ్డాయి. సొరంగం కూలీల రక్తం పరీక్షిస్తూ, పోల్చి చూడటానికి సంబంధం లేని జనం రక్తం కూడా చూస్తే వాళ్లలోనూ దీని జాడ కనిపించింది. ఎక్కణ్ణుంచా అని ఆరా తీస్తూ పోతే 2002లో తేలింది, బంగాళాదుంపల్లాంటి పిండిపదార్థాలను బాగా వేయిస్తే, కాలిస్తే అక్రిలమైడ్ తయారవుతుందని. ఇదంతా చదువుతూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. మర్నాడు చెయ్యాల్సిన పనికి ఇందులో ఒక్క ముక్కా అక్కర్లేదు.

పొద్దున్నే షెల్ఫ్ దగ్గరికెళ్లాను. మా సీసాలన్నీ ఇంగ్లిష్ అక్షరాల వరుసలో సర్ది ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వెతకడం తేలిక. కానీ ఆ వరుస ప్రకారం అక్రిలమైడ్‌కి రెండు సీసాల అవతలే అమ్మోనియం పర్‌సల్ఫేట్ కూర్చుంది. జెల్ గడ్డకట్టడానికి చివర్లో మనం చిటికెడు వేసేది అదే! అక్రిలమైడ్ అణువులు గొలుసుకట్టుగా అతుక్కోవడం మొదలయ్యేది దానివల్లే. పైగా అది మంచి ఆక్సీకరణి, అంటే మంటల్నీ చర్యల్నీ ఎగదోసే రకం. షీట్ 10వ విభాగంలో అక్రిలమైడ్‌ని ఏమేం వాటికి దూరంగా ఉంచాలో రాసి ఉంది: ఆక్సీకరణులు, పెరాక్సైడ్లు, ఆమ్లాలు, క్షారాలు. మా షెల్ఫ్‌లో అటు అసిటిక్ ఆసిడ్, ఇటు పర్‌సల్ఫేట్, మధ్యలో ఇది. అక్షరాల వరుస గ్రంథాలయానికి బాగుంటుంది కానీ, రసాయనాలకి పనికిరాదని నాకు ఆ పూటే అర్థమైంది.

అక్కడ అక్రిలమైడ్ సీసాలు రెండున్నాయి. ఒకటి కొత్తది, సీలు విప్పలేదు. రెండోది పాతది, పావు వంతు మిగిలింది. మూత అంచు చుట్టూ తెల్లగా పెచ్చు కట్టి ఉంది. ఎవరు తెరిచారో, ఎప్పుడు తెరిచారో లేబుల్ మీద లేదు. ముందు పాతది ఖాళీ చేద్దాం, వృథా ఎందుకు అనిపించింది. సీనియర్‌ని అడిగితే, "ఆ పెచ్చు నీ గ్లవ్‌కి అంటుకుంటుంది, గ్లవ్ నుంచి తలుపు పిడికి, పిడి నుంచి ఇంకొకరి చేతికి. మిగిల్చేది నాలుగు గ్రాములు. దాని మూత తిప్పకు" అంది. అదే చేశాను.

తూకమే అసలు తలనొప్పి. మా బ్యాలెన్స్, అంటే తూకం యంత్రం, ఫ్యూమ్ హుడ్ బయట ఉంటుంది. హుడ్ అంటే లోపలి గాలిని బయటికి లాగేసే, ముందు అద్దం ఉన్న అర. పొడి తెరవాల్సింది హుడ్ లోపల. హుడ్‌లోంచి చిన్న ప్లాస్టిక్ ట్రేలో పొడి పోసుకుని బ్యాలెన్స్ దాకా నాలుగడుగులు వేసేవాళ్లని నేను చూశాను. ఆ నాలుగడుగుల్లో ఎంత గాల్లో కలుస్తుందో ఎవరు చూడొచ్చారు? పైగా గాలి పొడిగా ఉన్న రోజుల్లో స్టాటిక్ వల్ల ఈ పలుకులు ట్రే అంచు మీంచి ఎగిరి చెంచాకి, గ్లవ్‌కి అతుక్కుంటాయి.

సీనియర్ చెప్పిన కిటుకు వేరు. గోధుమరంగు ఖాళీ సీసాని మూతతో సహా ముందే తూచి రాసుకోవాలి. దాన్ని హుడ్‌లో పెట్టి, అందులోకి పొడి ఉజ్జాయింపుగా వంచి, మూత బిగించి, బయటంతా తడి టిష్యూతో తుడిచి, మళ్లీ బ్యాలెన్స్ మీద పెట్టాలి. తేడా ఎంతొస్తే అంత పొడి. సరిగ్గా 29 గ్రాములే రావాలని తెచ్చి పోసి, తీసి వేసి కుస్తీ పట్టక్కర్లేదు. పొడిని లెక్కకి సరిపెట్టే బదులు లెక్కనే పొడికి సరిపెడతాం. నాకు 30.4 గ్రాములు పడింది. మేం వాడేది 30 శాతం స్టాక్, 100 మిల్లీలీటర్లకి 29 గ్రాముల అక్రిలమైడ్, 1 గ్రాము బిస్ అక్రిలమైడ్ (అక్రిలమైడ్ గొలుసుల్ని ఒకదానితో ఒకటి ముడివేసేది). ఆ నిష్పత్తిలో బిస్ 1.05 గ్రాములు, మొత్తం ద్రావణం 105 మిల్లీలీటర్లు. ఇంత సులువైన పద్ధతి ప్రొటోకాల్ కాగితాల్లో ఎందుకు రాయరో నాకు అర్థం కాదు.

హుడ్‌లో అడుగున తడి టిష్యూ పరిచాను. ఒలికితే పొడి ఎగరకుండా అక్కడే అతుక్కుంటుందని. చేతులకి రెండేసి జతల నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, గుండీలన్నీ పెట్టిన కోటు. ముఖానికి మాస్క్ ఉంది కదా అని హుడ్ బయట చేసేవాళ్లున్నారు. మాస్క్ పెట్టుకున్నవాళ్ల ముక్కునే కాస్తుంది, పక్క బెంచ్‌లో ఉన్నవాళ్లని కాయదు. హుడ్ అద్దం బాగా కిందికి దించుకున్నాను. మొదటి చెంచా తీసినప్పుడు నాలుగైదు పలుకులు తడి టిష్యూ మీద పడి, చూస్తుండగానే కరిగి మాయమయ్యాయి. అవి పడటం నేను చూశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడ ఏమీ లేదనే అనుకునేవాణ్ణి.

తర్వాత 60 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, సీసాని చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పడం మొదలెట్టాను. నిమిషం గడిచిందో లేదో, ఎడమచేతి వేళ్ల కొసలు మొద్దుబారాయి.

రాత్రి ఒంటిగంట దాకా చదివిన 11వ విభాగం మొత్తం కళ్లముందు తిరిగింది. వేళ్లలో తిమ్మిరి. మొదటి లక్షణం అదే! గ్లవ్‌కి చిల్లు పడిందా? ఇంత త్వరగా ఎక్కుతుందా? సీసా కింద పెట్టేసి, పై గ్లవ్స్ హుడ్‌లోనే ఊడదీసి, లోపలివి కూడా విప్పి, సింక్ దగ్గరికి పరుగెత్తి సబ్బుతో చేతులు రుద్దుతూ నిలబడ్డాను. సీనియర్ వచ్చింది. విషయం విని, తను గ్లవ్స్ వేసుకుని వెళ్లి సీసా పట్టుకుంది.

"వచ్చి పట్టుకుని చూడు. ఐసులా ఉంది."

అక్రిలమైడ్ కరిగేటప్పుడు వేడిని లాక్కుంటుంది. నీళ్లు చల్లబడతాయి, సీసా బయట తేమ పడుతుంది. నా వేళ్లు తిమ్మిరెక్కింది చలికి. ఇలా చల్లబడి కరగడం నెమ్మదించినప్పుడే కొందరు తొందరపడి హాట్ ప్లేట్ మీద పెట్టేస్తారట, ఆ తప్పు మాత్రం చెయ్యకు అంది. ఈ పొడి నీళ్లు లేకున్నా దాదాపు 84 డిగ్రీల దగ్గర కరిగి ద్రవమవుతుంది, ఆ వేడిలో గొలుసుకట్టు చర్య ఒక్కసారిగా అందుకుంటే అదుపులో ఉండదు. మ్యాగ్నెటిక్ స్టిర్రర్ మీద పెట్టి, వేడి లేకుండా ఊరికే తిరగనిచ్చాను. బిస్ బద్ధకంగా కరిగింది కానీ కరిగింది.

నవ్వుకోవడం అయ్యాక ఆమె ఒకటడిగింది: "ఇందాక బ్యాలెన్స్ రీడింగ్ ఫోన్‌లో ఫొటో తీసుకున్నావు కదా, ఏ చేత్తో?"

పొడి పట్టుకున్న చేత్తోనే. అదే గ్లవ్‌తో. సీసా అయితే తుడిచాను, గ్లవ్ మార్చలేదు. ఆ ఫోన్ జేబులో ఉంది, ఇంకో గంటాగితే చెంపకి ఆనించుకునేవాణ్ణి. లేని ప్రమాదానికి పరుగులు పెట్టినవాణ్ణి, ఉన్నదాన్ని జేబులో వేసుకుని తిరుగుతున్నాను. ఫోన్‌నీ కవర్‌నీ విడదీసి, సబ్బునీళ్ల టిష్యూతో మూడుసార్లు తుడిచాను. ఆ టిష్యూలు, హుడ్‌లో పరిచిన తడి టిష్యూ, పై గ్లవ్స్ అన్నీ జిప్ కవర్లో కట్టి ప్రమాదకర వ్యర్థాల డబ్బాలో వేశాను. బ్యాలెన్స్ బటన్లు కూడా తుడిచాను. అప్పటినుంచి రీడింగ్‌లు పెన్సిల్‌తో రాస్తున్నాను, ఆ పెన్సిల్ బ్యాలెన్స్ దగ్గర్నుంచి కదలదు.

స్టాక్‌ని 105 మిల్లీలీటర్లకి సరిచేసి, వడగట్టి, గోధుమరంగు సీసాలో పోసి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టాను. వెలుతురు తగిలితే అది నెమ్మదిగా అక్రిలిక్ ఆసిడ్‌గా మారి జెల్‌ని పాడుచేస్తుంది. ద్రావణం అయ్యాక దుమ్ము భయం పోతుంది కానీ, చర్మం గుండా వెళ్లే గుణం పోదు. గడ్డకట్టిన జెల్‌లో కూడా అతుక్కోని అక్రిలమైడ్ కొంత మిగిలే ఉంటుంది, కాబట్టి జెల్‌ని ఒట్టి చేత్తో తీసేవాళ్ల ధైర్యం నాకు నచ్చదు.

ఆ వారమే షెల్ఫ్ మార్చాను. పర్‌సల్ఫేట్ ఆక్సీకరణుల అరలోకి, అసిటిక్ ఆసిడ్ ఆమ్లాల అరలోకి వెళ్లాయి. కొత్త అక్రిలమైడ్ సీసా మూత బిగించి, దానికింద ఒక ట్రే పెట్టి, విషపదార్థాల బీరువాలో, ఎండా హీటరూ తగలని చోట పెట్టాను. ఏది ఎక్కడికి పోయిందని పదిరోజులు అందరూ నన్ను తిట్టుకున్నారు. ఆ తర్వాత మా గైడ్‌ని ఒప్పించి 40 శాతం రెడీమేడ్ ద్రావణం తెప్పించుకోవడం మొదలెట్టాం. ఖర్చు ఎక్కువే, కానీ పొడి తూచే పని తప్పింది. ముందే ఎందుకు చెయ్యలేదంటే, ఆ పొడి తూచేది ఎప్పుడూ కొత్తగా చేరినవాళ్లే కాబట్టి, వాళ్లు అడగరు కాబట్టి.

పాత సీసాని తెరవకుండానే రెండు కవర్లలో కట్టి వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకి అప్పజెప్పాం. ఫారంలో పేరు, పరిమాణం, ప్రమాద గుర్తులు అన్నీ నింపాను. 'తెరిచిన తేదీ' అనే గడి దగ్గర పెన్ను ఆగింది. సీనియర్ వైపు చూస్తే, తను చేరేనాటికే అది తెరిచి ఉందంది. ఆ గడిలో 'తెలియదు' అని రాసి సంతకం పెట్టాను.