పెన్‌డ్రైవ్‌లో మింట్: సెట్టింగులు నిలిచేదాకా

హైదరాబాద్‌లో ఓ పాత ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, లోపల విండోస్ 10. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. హార్డ్‌డిస్క్ జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో తేలికపాటి రకం) నడవాలి, తెలుగు టైపింగ్ రీస్టార్ట్ చేసినా ఉండాలి.

మొదటి రోజు: 32 జీబీ యూఎస్‌బీ 3.0 పెన్‌డ్రైవ్. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ (H2testw) అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో నిండా రాసి చదివించాలి. సెకనుకు 10 ఎంబీ రాసే డ్రైవ్‌కి నింపడానికే గంట దగ్గర పడుతుంది, అయినా మానకూడదు. నకిలీ డ్రైవ్ ఐఎస్ఓని (మింట్ మొత్తం ఉండే డౌన్‌లోడ్ ఫైలుని) బాగానే తీసుకుంటుంది, అసలు కెపాసిటీ దాటాక రాసినవే పాడవుతాయి. ఐఎస్ఓ సరిగ్గా దిగిందో లేదో తెలియడానికి దాని షా-256 చెక్‌సమ్ కూడా సరిచూడాలి.

రెండో రోజు: ఐఎస్ఓల నుంచి నేరుగా బూట్ చేయించే వెంటాయ్ (Ventoy) ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఐఎస్ఓని మామూలు ఫైలులా కాపీ చేస్తే చాలు. బూట్ చేయగానే నీలం తెర మీద ‘వెరిఫికేషన్ ఫెయిల్డ్’ అని వచ్చింది. తెలిసిన సంతకం ఉన్నవాటినే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్‌కి వెంటాయ్ తాళంచెవి తెలియకపోవడమే కారణం. ఓకే కొట్టి, వెంటనే ఏదో ఒక కీ నొక్కి, ‘ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్’లోకి వెళ్లి, వీటాయ్ ఈఎఫ్ఐ (VTOYEFI) విభాగంలో ‘ఎన్‌రోల్ దిస్ కీ’ అని మొదలయ్యే ఫైలు ఎంచుకుని రీబూట్ చేయాలి. ఒక్కసారి చేస్తే చాలు. చాలామంది సెక్యూర్ బూట్‌నే ఆపేస్తారు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉన్న మెషీన్‌లో అలా చేస్తే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఎలా చేసినా ఆ కీ ముందే రాసి పెట్టుకోవాలి.

మూడో రోజంతా పర్సిస్టెన్స్‌కే, అంటే చేసిన మార్పులు పెన్‌డ్రైవ్‌లో నిలిచేలా చేయడానికే పోయింది. అది లేకపోతే లైవ్‌లో (పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్న మింట్‌లో) ఇన్‌స్టాల్ చేసిందంతా ర్యామ్‌లోనే ఉండి, ఆపగానే పోతుంది. వెంటాయ్ వాళ్లు ఆ మార్పులు దాచడానికి ముందే తయారుచేసిన ఇమేజ్ ఫైళ్లు ఇస్తారు. వాటిలో 4 జీబీ ఈఎక్స్‌టీ4 (లైనక్స్ ఫైల్ సిస్టమ్) ఇమేజ్ తీసుకుని, వెంటాయ్ సెట్టింగుల టూల్ ప్లగ్‌సన్‌లో ఐఎస్ఓకి జత చేయాలి. ఇమేజ్ లేబుల్ కచ్చితంగా ‘క్యాస్పర్-ఆర్‌డబ్ల్యూ’ (casper-rw) అయి ఉండాలి. వేరే లేబుల్ ఉంటే ఎర్రర్ ఏమీ రాదు, మింట్ హాయిగా తెరుచుకుంటుంది, మర్నాటికి సెట్టింగులు మాత్రం మాయం. అందుకే డెస్క్‌టాప్ మీద ఓ ఖాళీ ఫోల్డర్ పెట్టి, రీస్టార్ట్ చేసి చూశాకే మిగతా పని మొదలుపెట్టాలి.

నాలుగో రోజు: తెలుగు టైపింగ్ కోసం ఐబస్, ఐబస్-ఎం17ఎన్ (ibus-m17n) ప్యాకేజీలు. ఆర్‌టీఎస్, ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్ మూడు లేఅవుట్లూ వచ్చాయి, రీస్టార్ట్ తర్వాతా నిలిచాయి.

విండోస్‌లోకి తిరిగి వెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనకబడింది. మెషీన్ గడియారంలో లైనక్స్ యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. డేట్ అండ్ టైమ్‌లో ‘సింక్ నౌ’ నొక్కితే సర్దుకుంటుంది.

ఇంకా మిగిలింది కరెంటు సంగతి. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌లో, గాలివానకి కరెంటు పోతే రాస్తూ ఉన్న ఇమేజ్ ఫైలు దెబ్బతింటుంది. అన్నీ సర్దాక షట్‌డౌన్ చేసి, ఆ 4 జీబీ ఫైలుని విండోస్‌లో ఓ కాపీ తీసి పెట్టాలి. పాడైతే పాతదాని మీద ఇది పెడితే చాలు.