కర్రిగాడి కారు ప్రయాణం

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లినప్పుడల్లా మా కర్రిగాడు కూడా మాతో వస్తాడు. నాటు కుక్క, బరువు 18 కిలోలు. వాడికి హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీలు) తొడిగి వెనక సీట్లో కట్టేస్తుంటే మా నాన్నది ఎప్పుడూ ఒకటే మాట. "కుక్కకి కూడా బెల్టేంట్రా, ఎచ్చులు కాకపోతే! పాపం, నా ఒళ్లో పడుకుంటాడుగా." కొత్తగా కుక్కల్ని తెచ్చుకున్న స్నేహితులు కూడా ఇదే అంటున్నారు. అందుకే ఈ పోస్టు.

కారు 80లో పోతుంటే లోపలున్న కుక్క కూడా 80లోనే పోతుంది. అంటే సెకనుకు 22 మీటర్లు. సడన్ బ్రేకు పడితే కారు ఆగుతుంది, కట్టని కుక్క ఆగదు. ముందు సీటుకి కొట్టుకుంటుంది, లేదా డ్రైవరు మెడ మీద పడుతుంది. మన హైవేల మీద గేదె ఎప్పుడు అడ్డొస్తుందో, రాంగ్ రూట్లో ఏ బైకు ఎదురొస్తుందో చెప్పలేం. ఆ వేగంలో 18 కిలోల కుక్కని ఒళ్లో పట్టుకుని ఆపడం ఎవరి తరమూ కాదు. ముందు సీట్లో అయితే ఎయిర్‌బ్యాగ్ కూడా ఉంటుంది, అది తెరుచుకుంటే ఇంకా ప్రమాదం. ఇంగ్లండులో ఉన్న మా చెల్లి చెప్పేదాకా నాకూ తెలియదు, అక్కడి హైవే కోడ్‌లో, అంటే రోడ్డు నియమాల పుస్తకంలో, 57వ నియమం బండిలో కుక్కని కట్టి ఉంచడం గురించేనట. హార్నెస్సో, క్యారియరో, బోనో, వెనక అడ్డంగా జాలీయో ఏదో ఒకటి ఉండాలంటారు.

కట్టడమంటే మెడపట్టీకి గొలుసు తగిలించడం కాదు. బ్రేకు వేయగానే ఆ కుదుపంతా మెడ మీదే పడుతుంది. ఛాతీ మీద వెడల్పుగా పరుచుకునే హార్నెస్ కావాలి. వాకింగ్‌కి వాడే సన్నపాటి ప్లాస్టిక్ బకిళ్లవి దీనికి పనికిరావు. అమెరికాలో సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అనే సంస్థ డమ్మీ కుక్కలకు హార్నెస్‌లు తొడిగి క్రాష్ టెస్టులు చేస్తుంది. 'క్రాష్ టెస్టెడ్' అని అట్ట మీద చూసి కొనేసే ముందు, ఆ టెస్టు ఎవరు చేశారో ఒకసారి చూడండి.

ఇక మావాడి ప్రతిభ. పడుకునే ముందు సీట్లో గుండ్రంగా తిరుగుతాడు కదా, ఆ తిరగడంలో ముందు కాలు సరిగ్గా సీటు బెల్టు ఎర్ర బటన్ మీద వేస్తాడు. టక్‌మని ఊడిపోతుంది! సూర్యాపేట దగ్గర వెనక్కి చూస్తే దొరగారు నాన్న భుజం మీద మూతి పెట్టుకుని ఉన్నారు. ఇప్పుడు బకిల్‌తో పనే పెట్టుకోలేదు. సీటుకీ దాని వీపుకీ మధ్య సందులో వేళ్లు పెడితే ఇనుప కడ్డీలు తగులుతాయి, పసిపిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కడ్డీలు. వాటికి తగిలించే పట్టీలు విడిగా దొరుకుతాయి. పట్టీ ఎంత పొడుగంటే, లేచి తిరిగి పడుకోగలగాలి, మూతి మాత్రం ముందు సీట్ల మధ్యకి రాకూడదు.

కిటికీ స్విచ్‌లు లాక్ చేసి పెట్టండి, కాలు పడితే అద్దం దిగిపోతుంది. తల బయట పెట్టనివ్వడం ఫొటోలకే బాగుంటుంది. దుమ్ము కళ్లలో పడుతుంది, పైగా పంతంగి టోల్ గేట్ దగ్గర ఎవరో చెయ్యి ఊపితే చాలు, మావాడు దూకబోతాడు. బయల్దేరే ముందు రెండు మూడు గంటలు తిండి పెట్టం, లేకపోతే సీటు కడుక్కోవాలి.

ఆగిన చోట ముందు లీష్ తగిలించి, ఆ తర్వాతే డోరు తీస్తాం. ఎండాకాలం ఏసీ ఆపేసిన కారులో వాణ్ణి ఐదు నిమిషాలు కూడా వదలం. నార్కట్‌పల్లిలో నేనూ నాన్నా వంతులవారీగా టీ తాగుతాం.