పిడి విప్పకుండా జపాన్ కత్తికి వెల కట్టొద్దు

సమురాయ్ కత్తి అనగానే మనవాళ్లు ముందు ఒర దూసేస్తారు, అంచు మీద బొటనవేలు పెట్టి పదును చూస్తారు, ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు, ఆ వెంటనే "ఎంత పలుకుతుందండీ?" అని అడుగుతారు. నేను అందరికీ చెప్పే మాట ఒక్కటే, పిడి విప్పనిదే ఏ ధరా చెప్పలేం. ఈ కత్తుల వయసు, ఏ ప్రాంతపు పనితనం, ఎవరి చేయి అన్న సంగతుల్లో సగం పైగా పిడి లోపల దాగిన ఇనుప భాగమే చెబుతుంది. జపాన్‌లో దాన్ని నకాగో అంటారు.

మనకు ఈ అలవాటు లేకపోవడానికి కారణం ఉంది. మన తల్వార్‌కి పిడిని లక్క పోసి బిగించేస్తారు, ఒకసారి పెట్టాక దాన్ని ఊడదీసే పని ఉండదు. బెజవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియంలో పాత కత్తులు చూసినవాళ్లకు పిడి, కత్తి ఒకే వస్తువుగా కనబడతాయి. జపాన్ కత్తి అలా కాదు. పిడి మొత్తం ఒక చిన్న వెదురు మేకు మీద నిలబడుతుంది. మెకుగి అంటారు దాన్ని. ఆ మేకు తోసేస్తే పిడి, చేతికి అడ్డుగా ఉండే గుండ్రటి పళ్లెం, అంచు దగ్గరి రాగి తొడుగు అన్నీ విడివిడిగా వచ్చేస్తాయి. అసలు విప్పడానికి వీలుగా చేసిన వస్తువు అది.

గుంటూరు, విజయవాడ ఇళ్లలోకి ఇవి ఎలా వచ్చాయని చాలామంది ఆశ్చర్యపోతారు. ఇంటర్నెట్‌లో కొన్న అలంకార కత్తుల్ని పక్కన పెడితే, ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధం దారిలోనే. 1945లో జపాన్ లొంగిపోయినప్పుడు బర్మాలో బ్రిటిష్ 14వ ఆర్మీని నడిపిన జనరల్ స్లిమ్, జపాన్ ఆఫీసర్లు తమ కత్తుల్ని స్వయంగా అప్పగించాల్సిందేనని పట్టుబట్టాడు. ఆ ఆర్మీలో ఎక్కువమంది మన దేశం సైనికులే. అలా దొరికిన కత్తులు కొన్ని ట్రంకు పెట్టెల్లో ఇక్కడిదాకా వచ్చాయి. తాతగారు పోయాక అటక దులిపితే బయటపడతాయి, అప్పుడు మొదలవుతుంది ఇంట్లో చర్చ.

బ్రాడీపేటలో ఒక పెద్దాయన ఇంట్లో చూసిన కత్తి సంగతి చెబుతాను. బట్టలో చుట్టి దేవుడి గది పక్కన పెట్టుకున్నారు, వాళ్ల నాన్నగారు బర్మా నుంచి తెచ్చిందట. "మూడొందల ఏళ్ల నాటిదని మా నాన్న అనేవాడు బాబూ" అన్నారు. చేతిలోకి తీసుకోగానే విషయం తెలిసిపోయింది. పిడి మీద అల్లిన తాడులా కనబడేది తాడు కాదు, అల్యూమినియం పోత, పైన రంగు. వెదురు మేకు ఉండాల్సిన చోట స్క్రూ. కత్తి మొదట్లో వరుసగా అంకెలు కొట్టి ఉన్నాయి. ఇది టైప్ 95, 1935లో జపాన్ సైన్యం సార్జెంటు స్థాయి వాళ్ల కోసం ఫ్యాక్టరీలో చేయించడం మొదలుపెట్టిన రకం. "అంటే దొంగదా?" అన్నారు ఆయన, మొహం వాడిపోయింది. "కాదు బాబాయ్ గారూ, నిఖార్సయిన యుద్ధ కత్తి, కాకపోతే సమురాయ్‌ది కాదు. ఆ అంకె ఒర మీద కూడా అదే ఉంటే ఇంకా మంచిది" అన్నాను. ఒర మీదా అదే అంకె ఉంది. ఇలాంటివాటికి మిలిటరీ వస్తువులు సేకరించేవాళ్లలో మంచి గిరాకీ ఉంది, అసలు రంగు చెదరకుండా ఉంటే ఇంకా ఎక్కువ. దానికి రంగు వేయించి కొత్తగా చేద్దామని వాళ్లబ్బాయి అంటుంటే వద్దని గట్టిగా చెప్పి వచ్చాను.

ఆఫీసర్ల కత్తులు వేరే కథ. 1934, 1938 నమూనాల పిడి, ఒర బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి, కానీ లోపలి కత్తి ఫ్యాక్టరీది కావచ్చు, పాత పద్ధతిలో కమ్మరి కొట్టింది కావచ్చు, ఇంట్లో తరతరాలుగా ఉన్న పాత కత్తికి సైన్యం పిడి తొడిగించింది కూడా కావచ్చు. ఒకే ఒరలో చవకరకం ఉండొచ్చు, నాలుగొందల ఏళ్ల కత్తీ ఉండొచ్చు. విప్పకుండా కొనడం, విప్పకుండా అమ్మడం రెండూ నష్టమే.

వన్‌టౌన్‌లో ఒక పాత కుటుంబం దగ్గర నేను విప్పినది అలా సైన్యం పిడి తొడిగిన పాత కత్తి. మేకు బయటికి రాగానే కనబడింది, నకాగో నల్లగా, చాక్లెట్ రంగు కలిసిన నలుపు, చేతికి నున్నగా తగిలింది. ఎర్రగా పొట్టు రాలే తుప్పు ఎక్కడా లేదు. మేకు కోసం రెండు రంధ్రాలు, ఒకటి గుండ్రంగా శుభ్రంగా, ఇంకోటి కాస్త వంకరగా కిందికి. సంతకం లేదు. ఆ ఇంటావిడ "పేరు లేదంటే విలువ లేదా అండీ?" అని దిగులుపడ్డారు. కానీ ఆ రెండో రంధ్రమే అసలు సంగతి చెబుతోంది. గుర్రం మీద యుద్ధం చేసే రోజుల్లో తాచీ అనే పొడవాటి కత్తులు ఉండేవి, తర్వాతి కాలంలో నేల మీద పోరాటానికి వాటిని కింది వైపు నుంచి కోసి పొట్టి చేశారు. కోసిన ముక్కతో పాటే చేసినవాడి పేరూ పోతుంది. కాబట్టి సంతకం లేకపోవడాన్ని లోపం అనుకోకూడదు. మసమునె లాంటి మహా కమ్మరి పేరు మీద చెప్పుకునే కత్తుల్లోనే సంతకం ఉన్నవి బహు తక్కువ. హోన్అమి కుటుంబం తరతరాలుగా ఇలాంటి సంతకం లేని కత్తుల్ని పనితనం చూసి ఇది ఫలానావారిదని నిర్ణయించి కాగితం రాసిచ్చేది, ఆ పనే వాళ్ల వృత్తి.

సంతకం ఉంటేనే అనుమానించాలి. 17వ శతాబ్దంలో ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, పనిచేసిన నగసొనె కొటెత్సు పేరు మీద ఎన్ని నకిలీలు వచ్చాయంటే, కొటెత్సు అని కనబడితే ముందు దొంగదనే అనుకోమని జపాన్‌లోనే అంటారు. నకిలీ సంతకాన్ని గిమెయి అంటారు. చూడాల్సింది అక్షరాల అందం కాదు, ఉలితో చెక్కిన గీత లోపలి తుప్పు. చుట్టూ ఉన్న తుప్పు ఏ రంగులో ఉందో గీత అడుగున కూడా అదే రంగు ఉండాలి. గీత లోపల మెరుస్తున్నా, తుప్పు పైపైన పూసినట్టున్నా తర్వాత చెక్కినదే.

అందుకే చెబుతున్నా, నకాగో మీద తుప్పు తుడవకండి. బ్రాసో వద్దు, నిమ్మకాయ వద్దు, ఎమరీ కాగితం అసలే వద్దు. ఆ తుప్పే ఆ కత్తి పుట్టిన తేదీ. ఒకచోట పాత కత్తిని, పిడి లోపలి భాగంతో సహా, మోటారు చక్రం మీద బఫింగ్ చేయించి అద్దంలా తళతళలాడించి తెచ్చారు, ఎంతో ఇష్టంగా చేయించుకున్నారు పాపం. ఏ కాలం నాటిదో చెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు. నాకు ఆ రోజంతా మనసు బాగోలేదు. జపాన్‌లో సానపట్టడం ఒక ప్రత్యేక వృత్తి, రాళ్లు మార్చుకుంటూ వారాల తరబడి చేతితో చేస్తారు, అయినా ప్రతి సానకీ కాస్త ఉక్కు పోతుంది. ఎక్కువసార్లు సానపడితే పై పొర అరిగి లోపలి మెత్తటి ఇనుము బయటపడుతుంది. అలా అలిసిపోయిన కత్తికి ధర పడిపోతుంది.

ఇక కత్తి ఒళ్లు చూడటం. ట్యూబులైటు కింద ఏమీ కనబడదు. గదిలో లైట్లు ఆర్పి ఒకే ఒక్క బల్బు ఉంచి, కత్తి మొనను బల్బు వైపు పెట్టి, కంటికి ఎదురుగా మెల్లగా వంచుతూ చూడాలి. అంచు వెంట తెల్లటి అలల గీత కనబడుతుంది, అది హమోన్. కత్తికి బంకమట్టి పూత వేసి, అంచు దగ్గర పలచగా వీపు దగ్గర మందంగా, ఎర్రగా కాల్చి ఒక్కసారి నీళ్లలో ముంచితే అంచు గట్టిపడి ఏర్పడే గీత అది. కత్తి వంపుకీ ఆ ముంచడమే కారణం. భూతద్దం పెడితే నిజమైన హమోన్ హద్దులో సన్నటి మెరిసే రేణువులు కనబడతాయి, యాసిడ్‌తో గీసినదైతే ఉత్త తెల్లటి మరక. ఇంకొంచెం వెలుతురు తిప్పితే ఉక్కును మడిచి మడిచి కొట్టిన నార కనబడుతుంది, పాత టేకు బల్ల మీది గీతల్లా. అది మొదటిసారి కనబడిన రోజు ఎవరికైనా ఈ పిచ్చి పట్టుకుంటుంది, నాకూ అలాగే పట్టింది.

అదే వెలుతురులో అంచుకు అడ్డంగా వెంట్రుక మందం పగులు ఉందేమో కూడా చూడండి. హగిరె అంటారు, సరిచేయడానికి వీలుకాని దోషం, అది ఉంటే ఎంత పెద్ద పేరున్నా బేరం ఆపేయాలి. మొన దగ్గర హమోన్ సాధారణంగా వీపు వైపు వంగి వెళ్లాలి. అలా వెళ్లకుండా అంచు మీదే తెగిపోతే మొన విరిగి మళ్లీ రుద్ది ఉండొచ్చు.

కాగితాలు చూపించి అమ్మేవాళ్లు ఉంటారు. టోక్యోలో 1948లో పెట్టిన కత్తుల పరిరక్షణ సంఘం, ఎన్‌బీటీహెచ్‌కే, ఇచ్చే కాగితాలకు అందరూ విలువ ఇస్తారు: హొజోన్, దాని పైన తొకుబెత్సు హొజోన్, ఆ పైన జుయో, తొకుబెత్సు జుయో. వీటిలో మొదటి రెండూ 1982లో వచ్చాయి. వాటి స్థానంలో అంతకుముందు ఇచ్చిన పాత కాగితాలతో పెద్ద పెద్ద పేర్లు చెబితే నేనైతే కాగితాన్ని పక్కన పెట్టి కత్తినే చూస్తాను. ఇంకో మాట, "జపాన్ పంపించి కాగితం తెప్పిస్తా" అని టైప్ 95 కత్తి మీద ఎవరైనా చెబితే నమ్మకండి. పాత పద్ధతిలో చేయని యుద్ధకాలపు కత్తుల్ని జపాన్‌లో రిజిస్టర్ చేయరు, రిజిస్టర్ కానిది అక్కడ ఉంచుకోవడమే నేరం, పంపితే తిరిగి రాదు.

మన చట్టం కూడా మర్చిపోవద్దు. 1959 ఆయుధాల చట్టం కింద కత్తి కూడా ఆయుధమే, లైసెన్స్ లేకుండా విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ దగ్గరే ఆగిపోతుంది, టెన్షన్ మీకే. వందేళ్లు దాటినదైతే 1972 పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, దేశం బయటికి అమ్ముకుందామంటే కుదరదు. కొనే ముందూ అమ్మే ముందూ ఆ విషయం తెలిసిన లాయర్‌ను ఒకసారి అడగండి, ఇంట్లో ఉన్నదైతే స్థానిక పోలీసులకు చెప్పి ఉంచడం మంచిది.

మన వాతావరణంలో తుప్పు తొందరగా పడుతుంది. వానాకాలం ముట్టుకున్న వేలిముద్ర కొద్దిరోజుల్లోనే మచ్చ అవుతుంది. కత్తి ఒంటిని చేత్తో తాకొద్దు, మెత్తటి నూలు బట్టతో తుడిచి, జపాన్ నూనె దొరక్కపోతే కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క పలచగా రాయండి. కొబ్బరినూనె రాయొద్దు, కొన్నాళ్లకు జిగురైపోతుంది. నకాగోకు మాత్రం ఏమీ రాయొద్దు.

తెలిసినవాళ్లకు ఫోటోలు పంపేటప్పుడు ఒర దూసి పట్టుకున్న సెల్ఫీ పంపకండి. నకాగో రెండు వైపులా విడివిడిగా, నిలువుగా, మామూలు పగటి వెలుగులో, పక్కన స్కేలు పెట్టి తీయండి. ఒట్టి కత్తి మొత్తం ఒక ఫోటో, మొన దగ్గరిది ఒకటి. పొడవు మొన నుంచి వీపు మీది గాటు వరకే కొలవండి, అది 60.6 సెంటీమీటర్లు దాటితే కటానా, ఆ లోపు 30.3 వరకు వకిజాషి, ఇంకా తక్కువైతే తాంతో. మేకు బిగుసుకుపోయి రాకపోతే సుత్తితో గట్టిగా కొట్టకండి, అలాగే ఉంచి తీసుకురండి.